వాళ్ల మాట వాళ్లనే చెప్పనిద్దాం



మనలో ఒక అలవాటు వుంది, గమనించారో లేదో. ఏ పేరంటానికో, పెళ్లికో వెళతాం. అక్కడ కాళ్లు సరిగా లేని పిల్లవాడు కుర్చీలో కూర్చుని వుంటాడు. లేదా చూపు లేని అమ్మాయి వాళ్లమ్మ కొంగు పట్టుకుని వుంటుంది. మనం పలకరించేది ఆ పిల్లల్ని కాదు, పక్కనున్న తల్లిని. "బాబు లడ్డు తింటాడా వదినె?", "పాపకు మనం అనేది తెలుస్తుందా?" అని అడుగుతాం. తల్లికీ అలవాటైపోయి వుంటుంది, తనే జవాబు చెప్పేస్తుంది. మధ్యలో ఆ బిడ్డ మన మొహాలు చూస్తూ కూర్చుంటాడు. దురుద్దేశంతో ఎవరమూ అడగం, జాలితోనే అడుగుతాం. కాని ఆ జాలిలోనే "నీకు నోరు లేదు, నీ సంగతి మేం మాట్లాడుకుంటాం" అన్న మాట దాగి వుంటుంది.

ఆ నోరు తమకుందని చూపించిన పిల్లలు మన తెలుగునాట వున్నారు. వాళ్లలో ముగ్గురి సంగతి ఇవాళ చెబుతాను. ఒకరు మన వరంగల్ జిల్లా అమ్మాయి, ఒకరు బందరు వైపు అబ్బాయి, ఇంకొకరు నల్లగొండ జిల్లావాడు. ముగ్గురూ తమ ఊరితో, బడితో, ప్రభుత్వంతో "మమ్మల్నీ మీలో కలుపుకోండి" అని ఒక్కొక్కరు ఒక్కో తీరున చెప్పినవాళ్లు.

మన జిల్లాలో పర్వతగిరి మండలంలో కల్లెడ అనే ఊరుంది. అక్కడ కూలి పని చేసుకునే దంపతులకు 2003లో జీవాంజి దీప్తి పుట్టింది. పుట్టినప్పుడు తల బాగా చిన్నదిగా వుందట, పెదవీ ముక్కూ తీరు వేరుగా వుందట. బుద్ధి ఎదుగుదల కూడా నెమ్మది. ఊళ్లోవాళ్లూ, చుట్టాల్లో కొందరూ "పిచ్చిది" అన్నారు, "కోతి" అన్నారు. ఏ అనాథాశ్రమంలోనో వదిలెయ్యమని సలహాలిచ్చారు. ఇవి ఆ తల్లి 2024లో పత్రికలవాళ్లకు స్వయంగా చెప్పుకున్న సంగతులు. ఆ మాటల్లో గ్రహణం ప్రసక్తి కూడా వచ్చింది.

ఈ గ్రహణం మాట దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇది మన వంటింట్లో పుట్టి పెరిగే మాట. దీప్తి సంగతి అలా వుంచి, పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి మనం "గ్రహణం మొర్రి" అంటాం. మన భాషలో ఆ జబ్బు పేరులోనే నింద కూర్చుని వుంది. గ్రహణం పూట కడుపుతో వున్న కోడలు కదిలిందనో, కూరగాయ తరిగిందనో, బయటికి తొంగి చూసిందనో అంటారు. వైద్యులు చెప్పేది వేరు. కడుపులో బిడ్డ మొహం ఏర్పడేటప్పుడు పెదవి రెండు పక్కల నుంచీ వచ్చి మధ్యలో కలుస్తుంది. అది గర్భం మొదటి ఏడెనిమిది వారాల్లోనే జరిగిపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. అక్కడ కలవకపోతే చీలిక మిగులుతుంది. వంశంలో వుండటం, ఫోలిక్ ఆమ్లం తక్కువ కావడం, కొన్ని రకాల మందులు, పొగ, ఇలాంటివి కారణాలు కావచ్చు. ఏడో నెలలో గ్రహణం వస్తే తలుపులు వేసి పడుకోబెట్టే కోడలి బిడ్డకు పెదవి ఎప్పుడో తయారై వుంది! అయినా తప్పు మాత్రం ఆవిడదే అవుతుంది. బిడ్డను పిచ్చిదన్న ఊరే తల్లిని కూడా దోషి చేసిందని వేరే చెప్పాలా?

ఆ పిల్లను కల్లెడలోని బడిలో చేర్చారు. అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగు చూశారు. మిగతా పిల్లలు వెక్కిరించడం చూసి వుంటారు గాని, ఆయన కాళ్లను చూశారన్నమాట. తరువాత హైదరాబాదులో కోచ్ నాగపురి రమేష్ గారి శిక్షణ దొరికింది, పుల్లెల గోపీచంద్ గారి ప్రోత్సాహమూ అందింది. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్ల పరుగులో బంగారు పతకం తెచ్చింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో ప్రపంచ పోటీల్లో అదే దూరాన్ని 55.07 సెకన్లలో పరుగెత్తింది. అంతకుముందు అమెరికా అమ్మాయి పేరున వున్న 55.12 సెకన్ల ప్రపంచ రికార్డు పోయింది. 400 మీటర్లంటే పెద్ద స్టేడియం చుట్టూ ఒక పూర్తి చుట్టు. మనం పొయ్యి మీద పెట్టిన పాలు వెచ్చబడే లోపల ఆ పిల్ల చుట్టు తిరిగి వచ్చేస్తుంది. ఆ సంవత్సరం సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. ఆమె రికార్డును అక్కడే టర్కీ అమ్మాయి దాటింది, ఆటల్లో అది మామూలే.

ఈ పోటీల్లో దీప్తి విభాగం పేరు టి-20. టి అంటే ట్రాక్, 20 అంటే మేధో వైకల్యం వున్నవారు, అంటే బుద్ధి ఎదుగుదలలో వెనకబడినవారు. ఈ విభాగానికి ఒక కథ వుంది. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు బంగారు పతకం గెలిచింది. తీరా చూస్తే ఆ జట్టులో పన్నెండుమందిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదు! దాంతో మేధో వైకల్యం వున్న క్రీడాకారులందరినీ తరువాతి రెండు పారాలింపిక్స్‌లో ఆడనివ్వలేదు. 2012లో లండన్‌లో గాని తిరిగి తలుపు తెరవలేదు. మోసం చేసింది బాగున్నవాళ్లు, పన్నెండేళ్లు శిక్ష అనుభవించింది ఈ పిల్లలు. మన దగ్గర దొంగ వైకల్య సర్టిఫికెట్లు పుట్టించేవాళ్లకు ఈ కథ ఎవరైనా వినిపిస్తే బాగుండును.

పారిస్ తరువాత రాష్ట్ర ప్రభుత్వం దీప్తికి కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. 2025 జనవరిలో అర్జున అవార్డు అందుకుంది. కష్టకాలంలో అమ్ముకున్న కాస్త భూమిని తల్లిదండ్రులు ఆమె తెచ్చిన డబ్బుతోనే తిరిగి కొనుక్కున్నారని కూడా చదివాం. దీప్తి వేదికలెక్కి ఉపన్యాసాలిచ్చే పిల్ల కాదు. అయినా "పిచ్చిది" అన్న మాటకు ఆమె ఇచ్చిన జవాబు ఊరంతటికీ వినబడింది.

నాకు మాత్రం ఇక్కడ ఒక ముల్లు గుచ్చుకుంటూనే వుంటుంది. పతకం రాకపోతే? 55 సెకన్లకు బదులు 65 సెకన్లలో పరుగెత్తి వుంటే ఆ పిల్లకు మర్యాద దక్కేదా? శాలువా కప్పడానికి అందరమూ ముందుంటాం. పతకం లేని పిల్ల మన వీధిలో, మన వాడలోనే వుంటుంది. ఆ పిల్లకు అందవలసింది శాలువా కాదు, బడిలో బల్ల, బస్సులో చోటు, పదిమందిలో పలకరింపు. వాటి కోసం పోరాడిన అబ్బాయి సంగతి వినండి.

బొల్లా శ్రీకాంత్ మచిలీపట్నం దగ్గర సీతారామపురం అనే పల్లెలో పుట్టాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఈ బిడ్డ ఎందుకు, వదిలించుకోండి అని ఇరుగుపొరుగు చెప్పినా, వ్యవసాయం చేసుకునే ఆ తల్లిదండ్రులు వినలేదు. ఊరి బడిలో చివరి బెంచీ, ఎవరూ మాట్లాడని మధ్యాహ్నాలు. తరువాత హైదరాబాదులో అంధుల బడిలో చేర్చారు. పదో తరగతిలో 90 శాతం పైన మార్కులు వచ్చాయి. ఇంటర్మీడియట్‌లో లెక్కలు, సైన్సు చదువుతానన్నాడు. బొమ్మలూ గ్రాఫులూ చూడలేని విద్యార్థికి ఆ గ్రూపు కుదరదు, ఆర్ట్స్ తీసుకోమన్నారు. మనమైతే ఏమంటాం? "పోనీలే నాయనా, ఏదో ఒకటి చదువుకో" అంటాం. ఆ కుర్రవాడు ఒక ఉపాధ్యాయురాలి సాయంతో కోర్టుకు వెళ్లాడు. ఆరు నెలలు పట్టింది. తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది, స్టేట్ బోర్డులో చదివే చూపులేని విద్యార్థులందరికీ సైన్సు గ్రూపు తలుపు తెరుచుకుంది. పుస్తకాలన్నీ చదివించి రికార్డు చేయించుకుని, విని చదివి, 98 శాతం తెచ్చుకున్నాడు. తరువాత అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో చదువు. తిరిగి వచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, వక్క ఆకుతో, తిరగవాడే కాగితంతో ప్లేట్లూ అట్టపెట్టెలూ తయారు చేయిస్తూ అందులో వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు. 2024లో అతని మీద హిందీలో సినిమా కూడా వచ్చింది. సినిమా చూసినవాళ్లు అమెరికా సంగతే ఎక్కువ చెప్పుకుంటారు గాని, నా మటుకు నాకు ఆ ఆరు నెలల కోర్టే పెద్దదనిపిస్తుంది. అమెరికా అతనొక్కడిది, కోర్టు తీర్పు అతని వెనక వచ్చే పిల్లలందరిది.

మూడోవాడు నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం శివన్నగూడెం పిల్లవాడు అంశల స్వామి. అక్కడి నేలలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీటిలో ఒక లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే మంచిది కాదంటారు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారకడతాయి, తరువాత ఎముకలు వంకర్లు పోతాయి. మనం బిందెలో పట్టుకొచ్చే నీళ్లే బిడ్డ ఎముకను వంచితే ఆ తల్లి ఏం చెయ్యగలదు? నల్లగొండ జనం ఊరుకోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మంచినీళ్ల కోసం దేశం దృష్టి తిప్పాలని ఆ ఒక్క నియోజకవర్గంలో 480 మంది పోటీలో నిలిచారు, బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. 2003లో జల సాధన సమితి దుశర్ల సత్యనారాయణ గారు స్వామిని ఢిల్లీ తీసుకువెళ్లి, అప్పటి ప్రధాని వాజపేయి గారి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. ఆ ఫొటో చూసినవాళ్లు మరచిపోలేరు.

ఆ రోజు ఆ పిల్లవాడు మాట్లాడలేదు, చూపించబడ్డాడు. అవసరం అలాంటిది, పట్టుకువెళ్లినవారిని తప్పు పట్టను. కాని పెద్దవాడైన స్వామి వేరు. ఊరికి వచ్చిన మంత్రులతో, విలేకరులతో తనే మాట్లాడాడు. నీళ్లు అడిగాడు, తనలాంటివాళ్లకు బతుకుతెరువు అడిగాడు, తను క్షౌరశాల పెట్టుకున్నాడు. 2023 జనవరిలో, 32 ఏళ్ల వయసులో, బండి మీద నుంచి పడిన దెబ్బలతో చనిపోయాడు. బల్ల మీది సాక్ష్యంగా మొదలై తన ఊరి తరఫున మాట్లాడే మనిషి అయ్యాడు. ఈ తేడాయే ఇవాళ మనకు కావలసింది.

ఈ ముగ్గురే కాదనుకోండి. మన డ్వాక్రా సంఘాల మాదిరిగానే 2000 తరువాత వెలుగు పథకంలో ఊరూరా వికలాంగుల సంఘాలు ఏర్పడ్డాయి. ఇల్లు కదలని యువకులు నెలకోసారి కూర్చుని పొదుపు చెయ్యడం, మండలాఫీసుకు అర్జీ పట్టుకు వెళ్లడం అలా మొదలైంది. మన ప్రాంతంవారే అయిన మంద కృష్ణ మాదిగ గారు 2007లో వికలాంగుల హక్కుల పోరాట సమితి పెట్టారు. ముందు నడిచింది వైకల్యం లేని నాయకుడే గాని, మూడు చక్రాల బండ్ల మీద వచ్చి రోడ్డు మీద కూర్చున్నది వికలాంగులే. తెలంగాణలో వాళ్ల పింఛను 2014లో 1500, 2019లో 3016, 2023లో 4016 రూపాయలయింది. అడగకుండా ఏదీ పెరగలేదు.

అడిగే హక్కు ఎక్కడిదంటారా? ఐక్యరాజ్యసమితి 2006లో వికలాంగుల హక్కుల మీద ఒక ఒప్పందం చేసింది, మన దేశం 2007లోనే దాన్ని ఆమోదించింది. అందులో ఏడో అధికరణం పిల్లల గురించి. వైకల్యం వున్న పిల్లలకు తమ విషయంలో తమ అభిప్రాయం చెప్పే హక్కు వుందనీ, వయసుకు తగిన విలువ దానికి ఇవ్వాలనీ, చెప్పడానికి సాయం కావలసివస్తే ఆ సాయమూ చెయ్యాలనీ రాశారు. అంటే పేరంటంలో లడ్డు తినే సంగతి కూడా ఆ బిడ్డనే అడగాలన్నమాట!

ఆ ఒప్పందానికి తగ్గట్టు మనకు 2016లో కొత్త చట్టం వచ్చింది. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే వుండేవి, ఇందులో 21. తలసేమియా, ఆటిజం, యాసిడ్ దాడికి గురైనవారు కూడా చేరారు. 40 శాతం, ఆపైన వైకల్యం వున్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత చదువు, అదీ ఇంటి దగ్గరి బడిలో గాని, ప్రత్యేక బడిలో గాని, వాళ్లు ఎంచుకున్నచోట. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వికలాంగుణ్ణి నలుగురిలో అవమానించాలని కావాలని తిట్టినా, బెదిరించినా 92వ సెక్షను కింద ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ల వరకు జైలు. కల్లెడ వీధిలో "కోతి" అన్న మాట ఈ రోజు చట్టం కళ్లలో నేరం కాగలదు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. "గుడ్డెద్దు చేలో పడ్డట్టు" అని ఎంత తేలిగ్గా అనేస్తాం! సామెతే కదా అంటారు. చూపులేని పిల్ల ఎదురుగా కూర్చున్నప్పుడు అదే సామెత అని చూడండి, గొంతులోనే ఆగిపోతుంది. ఇప్పుడు "దివ్యాంగులు" అంటున్నారు. ఆ మాట 2015 చివర్లో ప్రచారంలోకి వచ్చింది. వాళ్ల సంఘాలు చాలావరకు అప్పుడే అభ్యంతరం చెప్పాయి. మాకు దివ్యత్వం అక్కర్లేదు, దారి కావాలన్నది వాళ్ల భావం. ఏమని పిలవాలో మనకు తోచకపోతే ఒక సులువైన మార్గం వుంది, పేరు పెట్టి పిలవండి.

ఇక ఇంటి సంగతి. పెళ్లిచూపుల రోజున కొన్ని ఇళ్లలో జరిగేది మీరూ చూసే వుంటారు. పెద్దమ్మాయికి సంబంధం వస్తుందంటే, వైకల్యం వున్న తమ్ముణ్ణో చెల్లెల్నో వెనక గదిలోకో, పక్కింటికో పంపుతారు. తెలిస్తే సంబంధం తప్పిపోతుందని ఆ తల్లి భయం. భయం ఒట్టిది కాదు, తప్పిపోయిన సంబంధాలు నాకూ తెలుసు. కాని వెనక గదిలో కూర్చున్న ఆ బిడ్డకు ముందు గదిలోని నవ్వులన్నీ వినబడతాయి. ఇంట్లోనే చోటు లేదని పదేళ్ల వయసులో తెలుసుకున్న బిడ్డ ఇరవయ్యేళ్లు వచ్చాక ఊరిని ఏం అడగగలడు? పెళ్లికొడుకు వైపు కూర్చునేవాళ్లమూ మనమే కదా, ఈ కాఫీలు తాగుతూ మనం అడిగే ప్రశ్నలే ఆ తలుపు వేయిస్తున్నాయి.

మా వీధిలో చక్రాల కుర్చీ అబ్బాయి ఒకడున్నాడు, డిగ్రీ చదువుతున్నాడు. అతను చెప్పేదాకా మోరీ మీది బండ ఎంత ఎత్తుందో వీధిలో ఎవరికీ పట్టలేదు. కార్పొరేషనుకు తనే రాసుకున్నాడు, ఇంటింటికీ వచ్చి సంతకాలు తీసుకున్నాడు. ఇప్పుడక్కడ ఏటవాలుగా సిమెంటు పోశారు. దాని మీద ఎక్కువగా నడిచేది మోకాళ్ల నొప్పుల అత్తగార్లూ, పిల్లల బండి తోసుకెళ్లే కోడళ్లూను! బస్సుల సంగతి ఇంకా అలాగే వుంది. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు లేదు, సంతోషం. కాని చక్రాల కుర్చీ ఆడపిల్లకు అడ్డం వచ్చేది టిక్కెట్టు కాదు, మెట్టు. మన వేయిస్తంభాల గుడి కాకతీయులు ఎత్తయిన పీఠం మీద కట్టారు, వాళ్లను ఏమీ అనలేం. నిన్న మొన్న కట్టిన కల్యాణమండపాలకు కూడా పది మెట్లుంటే మాత్రం అడగవచ్చు. మండపం మాట్లాడుకునేటప్పుడు భోజనం ప్లేటు ధరతోపాటు ర్యాంపు వుందా అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, మూడోసారికి యజమానే పోయిస్తాడు.

చివరగా, మీ ఇంట్లోగాని, మీకు తెలిసిన ఇంట్లోగాని ఇలాంటి బిడ్డ వుండి ఇంకా సర్టిఫికెట్ లేకపోతే ఆలస్యం చెయ్యకండి. పింఛనుకూ, చదువుకూ, బస్సు రాయితీకీ అన్నిటికీ అదే మూలం. వైకల్య పరీక్షల శిబిరం ఎప్పుడో, పేరు ఎలా నమోదు చేసుకోవాలో మీసేవ కేంద్రంలో అడిగితే చెబుతారు. మేధో వైకల్యం అనుమానం వుంటే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచీ ఒక జాతీయ సంస్థ వుంది, పరీక్షలూ సలహాలూ అక్కడ దొరుకుతాయి. బడి వయసు పిల్లలకు మండలంలో భవిత కేంద్రం వుంటుంది, దగ్గరి ప్రభుత్వ పాఠశాలలో వాకబు చెయ్యండి. శిబిరానికి వెళ్లేటప్పుడు ఆధార్, ఫొటోలు, పాత ఆసుపత్రి చీటీలు అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి. వరుస పెద్దదిగా వుంటుంది, మంచినీళ్ల సీసా, తినడానికి ఏమైనా పట్టుకువెళ్లండి. ఎందుకు వెళుతున్నామో బిడ్డకు ముందురోజు రాత్రే వివరంగా చెప్పండి. డాక్టరు గారు ఎక్కడ కష్టంగా వుందని అడిగితే, బిడ్డ చెప్పగలిగినంతా చెప్పనిచ్చి, మిగిలింది మీరు చెప్పండి.